హులిగెమ్మ కుడిచెవి

మూడోసారి కింద పడ్డప్పుడు ఫోను అద్దం ఈ మూల నుంచి ఆ మూలకు చీలిపోయింది. హులిగెమ్మ వంగి తీసుకుని, మట్టి దులిపి, మళ్లీ చెవికి ఆనించుకుని ముందుగా అడిగిన మాట, "అక్కా, ఉండావా?"

"ఉండాన్లే. యాడికి పోతా?" అంది అవతలి నుంచి శ్రీశైలమ్మ.

పొద్దున ఆరు గంటలు. హులిగెమ్మ ఆదోనిలో మున్సిపల్ గ్రౌండు చుట్టూ తిరుగుతోంది. శ్రీశైలమ్మ ఎమ్మిగనూరులో తమ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తోంది. మధ్యలో ముప్పై కిలోమీటర్ల నల్లరేగడి. ఇద్దరికీ చక్కెర జబ్బే. రోజూ నలభై నిమిషాలు నడవమని హులిగెమ్మకు డాక్టరు చెప్పిన వారానికే శ్రీశైలమ్మకు అక్కడి డాక్టరు అదే మాట చెప్పాడు. పని లేకుండా గానుగెద్దు మాదిరి గుండ్రంగా తిరగడమేమిటని హులిగెమ్మ మూడు రోజులకే మానేయబోయింది. అప్పుడు శ్రీశైలమ్మే ఉపాయం చెప్పింది. నువ్వు ఆడ నడువు, నేను ఈడ నడుస్తా, ఫోన్లో మాట్లాడుకుంటా పోదాం, మిల్లు వదిలినాక ఇంటికి పోతాండామనుకో అంది. ఆ చివరి మాట హులిగెమ్మ మనసుకు పట్టింది. ఆ రోజు నుంచి ఆరు నెలలుగా ఒక్క పూట నడక తప్పలేదు.

మిల్లంటే ఆదోని చివర ఉండిన జిన్నింగ్ మిల్లు. పత్తిలోంచి గింజను వేరు చేసే చోటు. హులిగెమ్మ పుట్టింది తుగ్గలి దగ్గర పల్లెలో. పత్తి మార్కెట్‌లో మూటలు మోసే మాదన్నను పెళ్లాడి ఆదోనికి వచ్చింది. ఇరవై మూడో ఏట మిల్లులో చేరింది. శ్రీశైలమ్మది నేతగాళ్ల ఇల్లు. నూలు ఇచ్చేవాళ్లు తగ్గిపోయి మొగుడి మగ్గం మూలపడితే, ఇద్దరూ ఎమ్మిగనూరు వదిలి ఆదోనికి వచ్చారు. హులిగెమ్మ చేరిన రెండో సీజనుకు ఆమె కూడా మిల్లులోకి వచ్చింది. వయసులో మూడేళ్లు పెద్ద. పక్కపక్క మిషన్ల దగ్గర, దాదాపు ఇరవై ఏళ్లు. తొమ్మిదేళ్ల కిందట మిల్లు మూసేశారు. మిషన్లు ఎవరో కొనుక్కుపోయారు, గోడలు పడగొట్టి ప్లాట్లు వేశారు. శ్రీశైలమ్మ కొడుకు ఎమ్మిగనూరులో తువ్వాళ్లు, దుప్పట్లు అమ్మే చిన్న అంగడి పెట్టుకుంటే ఆమె మళ్లీ సొంతవూరికి చేరింది.

ఫోను పగిలిన రోజు సాయంత్రం ఆటో తోలి ఇంటికొచ్చిన హులిగెమ్మ కొడుకు మహేంద్ర, తల్లి చెయ్యి నొక్కుకుంటూ ఉండటం చూశాడు. నలభై నిమిషాలు మోచెయ్యి మడిచి ఫోను పట్టుకోవడం వల్ల రెక్క పీకుతోంది. మర్నాడు అతను బస్టాండు దగ్గర బండిమీద అమ్మే ఇయర్‌బడ్స్ తెచ్చాడు. నల్లగా, చింతగింజల్లా ఉన్నాయి. తీగ లేదు, చెవిలో పెట్టుకుంటే చాలు. హులిగెమ్మ వాటిని పెట్టుకుని మొదటి చుట్టు బాగానే తిరిగింది. రెండో చుట్టులో చెమట పట్టింది, ఎడమది జారి పడింది. వెతికి పెట్టుకుంటే కుడిది జారింది. అంతలో శ్రీశైలమ్మ, నువ్వేమన్నా బావిలో దిగి మాట్లాడ్తాండావా, ఒక్క మాటా తెలియడంలే అని విసుక్కుంది. నాలుగో రోజుకు ఎడమది గ్రౌండు గేటు పక్క చరండీలో పడి మురికినీళ్లలో కలిసింది. హులిగెమ్మకు కొడుకు తెచ్చిన వస్తువు పోయిందని బాధ కలిగింది కానీ, పీడ వదిలిందని కూడా లోపల అనిపించింది.

కోడలు అర్చన ఇంట్లోనే కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఏ వస్తువైనా నలుగురు ఏమన్నారో ఫోన్లో చూడనిదే కొనే మనిషి కాదు. అత్తేమో నడకకు తోడు మధ్యాహ్నం పూట కూడా ఫోన్లో కోలాటం పాటలు, పురాణ కథలు గట్టిగా పెట్టుకుని వింటుంది. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ల మాటలు అర్చనకు వినిపించవు. కాబట్టి ఈ ఇయర్‌బడ్స్ ఆమెకు కూడా అవసరమే. రెండు రాత్రులు వీడియోలు చూసి, చెమటకు తడిసినా చెడనిది, చెవికి కొక్కెంలా పట్టుకునేది, మాట్లాడేటప్పుడు గాలి చప్పుడు ఆపేది కావాలని తేల్చింది. వెయ్యికి అటూ ఇటూగా దొరుకుతాయట. "చెవి చెవికీ ఒక కొలత ఉంటాదత్తా. జాకెట్టు మాదిరే. నువ్వు రాకుండా నేనొక్కదాన్నే పోయి తెస్తే మళ్లీ అదే అవుతాది," అని అత్తను బయల్దేరదీసింది.

ఫోన్లు అమ్మే అంగట్లో జ్యోత్స్న అనే అమ్మాయి ఉంది. డిగ్రీ చదివి అక్కడ పని చేస్తోంది. ఓపిక ఉన్న పిల్ల. చూపించడానికి తెరిచి పెట్టిన నాలుగు రకాలు బల్లమీద పెట్టి, దూదితో తుడిచి, మొదటి జత హులిగెమ్మ చెవుల్లో తనే అమర్చింది. రబ్బరు మూతి చెవిలోకి బిగుసుకుంది. పాత పాట ఒకటి పెట్టింది. హులిగెమ్మ తల అటూ ఇటూ ఊపి చూసింది, జారలేదు. కానీ మొహం చిట్లించింది.

"తబలా వస్తాంది. పాడే మనిషి యాడ?" అంది.

జ్యోత్స్న ఫోను చూసింది. శబ్దం పెంచింది. పాడే మనిషి రాలేదు. ఎడమది పనిచేయడం లేదేమోనని రెండో జత పెట్టింది. అదీ అంతే. మూడో జతకు కూడా ఎడమది మూగదే. ఈ అంగట్లో అన్నీ ఒంటిచెవివే పెట్టినట్లుండారే అని హులిగెమ్మ నవ్వింది. అర్చన మాత్రం నవ్వలేదు. అత్త చెవిలోంచి ఎడమది తీసి తను పెట్టుకుంది. ఆడగొంతు తేటగా వినిపిస్తోంది. తీసి మళ్లీ అత్త చెవిలో పెట్టి, కుడిదాన్ని తీసేసింది.

"ఇప్పుడు?"

హులిగెమ్మ చాలాసేపు ఆగింది. లోపలెక్కడో దూది మూట వెనక ఎవరో గొణిగినట్లుంది. అది పాటో, తన ఊపిరో తెలియలేదు. తల అడ్డంగా ఊపింది.

పాత పాటల్లో కొన్ని ఇలాగే ఉంటాయనీ, వాయిద్యాలు ఒక పక్కకు, గొంతు ఒక పక్కకు వస్తాయనీ జ్యోత్స్న మెల్లగా చెప్పింది. ఆ తర్వాత బల్లమీది డబ్బాలన్నీ ఒక్కొక్కటిగా మూసేసింది. "ఈ పొద్దు కొనొద్దమ్మా. ముందు చెవి సూపించుకో. ఇవి యాడికీ పోవు, నేనూ యాడికీ పోను," అంది. వచ్చిన బేరాన్ని చేతులారా వెనక్కి పంపే అంగడిని హులిగెమ్మ తన జన్మలో చూడలేదు.

చెవుల డాక్టరు ఆమెను చిన్న గదిలో కూర్చోబెట్టి, దిండ్లంత మెత్తటి హెడ్‌ఫోన్ పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా చేతిలోని మీట నొక్కమన్నాడు. కుడి పక్కకు చకచకా నొక్కింది. ఎడమ పక్క వంతు వచ్చినప్పుడు చెయ్యి ఒళ్లో అలాగే ఉండిపోయింది. అద్దం అవతల నిలబడ్డ అర్చన కళ్లు తుడుచుకోవడం కనిపించింది. దీనికి ఏడుస్తారా అని హులిగెమ్మ అక్కడి నుంచే సైగ చేసింది.

డాక్టరు కాగితం మీద గీతలు చూపించి, ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. ఆమెకు తెలియదు. చిన్నప్పుడు చెవి కారేదా అన్నాడు. కారేది. వాళ్లమ్మ వెల్లుల్లి కాచిన నూనె పోసేది. ఏం పని చేసేవారు అన్నాడు. జిన్నింగ్ మిల్లు, వరసలో చివరి మిషను, ఎడమ పక్కనే మోటారు. ఎన్నేళ్లు అంటే ఇరవై రెండు అంది. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"చెవులకు ఏమన్నా పెట్టుకునేవారా?"

"ముక్కుకు గుడ్డ కట్టుకుంటాంటిమి సార్, దూది పోకుండా. చెవి సంగతి ఎవరికి తోచింది?"

చిన్ననాటి జబ్బు కొంత, మిల్లు చప్పుడు కొంత కలిసి ఎడమ చెవిని చాలావరకు తినేశాయనీ, పోయింది తిరిగి రాదనీ ఆయన చెప్పాడు. కావాలంటే వినికిడి మిషను పెట్టి చూడొచ్చు, ఆలోచించుకుని రమ్మన్నాడు. కుడి చెవిని మాత్రం కాపాడుకోవాలి. ఆ ఇయర్‌బడ్స్ కొనుక్కోండి కానీ శబ్దం సగానికి మించి పెంచొద్దు, అరగంటకోసారి తీసేయండి అన్నాడు.

ఆ రాత్రి హులిగెమ్మకు చెవి పోయిందన్న దిగులు కన్నా, పాత సంగతులు కొత్తగా అర్థమవుతున్న గాభరా ఎక్కువైంది. చనిపోయిన అత్త, "పిలిస్తే పలకదు, దీనికి పొగరు," అని వీధంతా చాటేది. బహుశా ఆ ముసలామె పొయ్యి దగ్గర ఎడమ పక్క కూర్చుని పిలిచేదేమో. ఎన్నిసార్లు ఊరికే తిట్లు తిన్నదో, ఎన్నిసార్లు ఎదురు తిరిగిందో. స్కూటరు మీద పడబోతే వెనక నుంచి హారన్ కొట్టినా వినవేమని మహేంద్ర కసిరేవాడు. తను పరధ్యానపు మనిషినని ఆమె కూడా నమ్మేసింది.

మిల్లులో మాత్రం ఎవరూ ఆమెను ఆ మాట అనలేదు. అక్కడ అందరూ చెవిటివాళ్లే. మిషన్లు మొదలయ్యాయంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకే ఆడవాళ్లు చేతులతో మాట్లాడుకునేవాళ్లు. ముక్కుపుడక తాకితే మేస్త్రీ వస్తున్నాడని. బొటనవేలు గొంతుకు పెడితే నీళ్లు. రెండు వేళ్లు జంటగా ఆడిస్తే ఎవరింట్లోనో పెళ్లి మాట. పెదాల కదలిక చూసి ఇంటి గుట్టుమట్లన్నీ చెప్పుకునేవాళ్లు, నవ్వుకునేవాళ్లు. తల మీద, కనుబొమల మీద దూది పేరుకుని సాయంత్రానికి పాతికేళ్ల పిల్లలు కూడా ముసలమ్మల్లా కనిపించేవాళ్లు. మధ్యాహ్నం మిషన్లు ఒక్కసారిగా ఆగితే ఆ నిశ్శబ్దం ఎవరో తల మీద నీళ్లు కుమ్మరించినట్లుండేది. అందరూ గోడ నీడన వరసగా కూర్చుని జొన్నరొట్టెల మూటలు విప్పేవాళ్లు. ఒకరి చెనిక్కాయ పొడి ఇంకొకరి రొట్టె మీదికి పోయేది. రోడ్డవతల టీ హోటల్లో రేడియో మోగేది. ఆ అరగంటలో ఆ పాట విన్నంత ఇష్టంగా హులిగెమ్మ మళ్లీ ఏ పాటా వినలేదు. అదంతా తను ఒక్క చెవితోనే విన్నదా? ఎప్పటి నుంచి?

రెండు రోజుల తర్వాత బస్సెక్కి ఎమ్మిగనూరు పోయింది. ఈ సంగతి ఫోన్లో చెప్పాలనిపించలేదు.

శ్రీశైలమ్మ అంగడి వెనక గదిలో మంచం మీద కూర్చుని కొత్త తువ్వాళ్లు మడత పెడుతోంది. హులిగెమ్మను చూసి లేచి, ఉగ్గాని కలిపి పళ్లెంలో పెట్టింది. బొరుగులు మనలాంటోళ్లకు కొంచెమే తినాలంట, ఈ పొద్దుకు తిను అంది. హులిగెమ్మ ఫోన్ల అంగట్లో జరిగింది, డాక్టరు చెప్పింది, కాగితం మీది గీతలు, అన్నీ చెప్పింది. "ఎడమ చెవి పూర్తిగా పోయిందంటక్కా," అని ముగించింది.

శ్రీశైలమ్మ తల ఎత్తలేదు. చేతిలోని తువ్వాలు అంచులు కలిపి, అరచేత్తో సాపు చేసి, పక్కన పెట్టింది.

"నాకు తెల్సులే," అంది.

"ఏం తెల్సు?"

"ఆ పక్క నీకు వినపడదని. మిల్లు మూసేదానికి పదేండ్ల ముందే తెల్సు."

ఒకరోజు మిల్లు ఆవరణలో పత్తి ట్రాక్టరు వెనక్కి వస్తోందట. ఎడమ పక్క నుంచి నలుగురు కేకలేసినా హులిగెమ్మ కదల్లేదు. శ్రీశైలమ్మే పరిగెత్తి వచ్చి రెక్క పట్టి లాగింది. హులిగెమ్మకు ఆ లాగడం గుర్తుంది. గాజులు రెండు పగిలాయి. కానీ అది చెవి సంగతి అని ఆమెకు అప్పుడు తోచలేదు. శ్రీశైలమ్మకు తోచింది. నిజమో కాదో తేల్చుకోవాలని, మిషన్లు ఆగినప్పుడు ఎడమ పక్క చేరి మెల్లగా పిలిచి చూసింది.

"నాలుగు దినాలు నీ ఎడమ పక్క కూసోని నిన్ను నోటికొచ్చినట్ల తిట్టినా. నువ్వు రొట్టె తింటానే ఉంటివి," అంది.

ఐదో రోజు నుంచి ఆమె కుడి పక్కకు మారింది. అన్నం దగ్గర, నీళ్ల కొళాయి దగ్గర, ఇంటి దారిలో, ఎప్పుడూ కుడి పక్కే. ఆ దారిలో కుడి పక్క లారీలు పోయేవి, దుమ్మంతా ఆమె మీదే పడేది. అక్క కాబట్టి నన్ను రోడ్డు వారకు తోసి కాపాడుకుంటోందని హులిగెమ్మ అప్పట్లో అనుకునేది. ఇప్పుడు ఆ దుమ్ము, ఆ నడక, ఆ పదేళ్లు ఒక్కసారిగా కళ్ల ముందు నిలబడ్డాయి. ఆ వెనకే కోపం కూడా వచ్చింది.

"నాకేంటికి సెప్పలే?"

"సెప్తే మేస్త్రీ దాకా పోకుండా ఉంటాదా? వినపడని మనిషిని మిషను కాడ నిలబెడ్తాడా? మహేంద్ర అప్పుడు చిన్నోడు. మాదన్న నడుము పట్టేసి ఇంట్లో పండుకోనుండె. నిన్ను తీసేస్తే ఏం జేస్తుంటివి?" అని ఆగింది శ్రీశైలమ్మ. ఇంకో తువ్వాలు తీసి, మడత పెట్టకుండా ఒళ్లోనే ఉంచుకుంది. "అదొకటే గాదు. నువ్వు పోతే ఆడ నాకెవరుండారు?"

"అప్పుడే సూపించుకొనుంటే కొంచెమన్నా మిగులుతుండెనేమో."

"అవును," అంది శ్రీశైలమ్మ. "తప్పే నాది."

హులిగెమ్మ ఉగ్గాని పళ్లెం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, మూడు గంటల బస్సుకు లేచింది. శ్రీశైలమ్మ బస్టాండు దాకా వచ్చింది. సీట్లో కూర్చున్నాక కూడా హులిగెమ్మ కిటికీలోంచి చూడలేదు.

మర్నాడు పొద్దున ఆమె ఫోను చేయలేదు. అవతల నుంచీ రాలేదు. ఒంటరిగా గ్రౌండులో దిగింది. నాలుగు చుట్లు నాలుగు ఊళ్లంత దూరమయ్యాయి. రెండో రోజూ అంతే. ఆ రోజు మూడో చుట్టులో ఉండగా వెనక నుంచి వచ్చిన ఒకాయన, అమ్మా కొంచెం ఇవతలకు జరుగు, గోడకు రాసుకుంటా పోతాండావు, బాటంతా ఖాళీగా ఉండాది కదా అన్నాడు. హులిగెమ్మ చూసుకుంది. నిజమే. ఎడమ మోచెయ్యి గోడకు తగిలేంత దగ్గరగా నడుస్తోంది. కుడి పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి ఉంది. తొమ్మిదేళ్లుగా ఆమె ఎక్కడ నడిచినా ఇలాగే నడుస్తోందని అప్పుడు తెలిసింది.

మూడో రోజు ఆరు గంటలకు తనే ఫోను చేసింది. ఎత్తగానే అడిగింది. "అక్కా, ఆ నాలుగు దినాలు ఏమని తిట్టినావు?"

శ్రీశైలమ్మ ముందు చెప్పనంది. పట్టుబడితే చెప్పింది. ఆ మాటలు కాగితం మీద రాసేవి కావు. హులిగెమ్మ గ్రౌండు మధ్యలో నిలబడి కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నడకకు వచ్చినవాళ్లు తిరిగి చూశారు. అంత మాటలన్నా రొట్టె ఎట్ల తిన్నానో చూడక్కా అని కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ నడక మొదలుపెట్టింది.

ఆ ఆదివారం అర్చనతో కలిసి మళ్లీ జ్యోత్స్న అంగడికి పోయింది. డాక్టరు చెప్పింది విని ఆ అమ్మాయి చెవిలోకి బిగుసుకునే రబ్బరు మూతుల డబ్బాలన్నీ పక్కకు తీసేసింది. బయటి చప్పుడు లోపలికి రానీయకపోవడం వాటి గొప్ప. అందరూ అదే కావాలంటారు. కానీ ఉన్నది ఒక్క చెవి అయినప్పుడు దాన్ని కూడా మూసుకుని రోడ్డు మీద నడిస్తే లారీ వచ్చినా తెలియదు. "నీకు చెవిని మూయనిది కావాలమ్మా. పాట వినపడాల, హారనూ వినపడాల," అని చెవి వెనక కొక్కెంలా పట్టుకుని, చెవి రంధ్రం ముందర ఆగే రకం ఒకటి తెచ్చింది. తెల్లటిది. ధర వెయ్యి దాటి కొంచెం. అంతకన్నా తక్కువలో ఇంకొకటి ఉంది కానీ, దాని మైకు ఎలా ఉందో రోడ్డు మీద నిలబడి చూడమంది.

హులిగెమ్మ రెండింటినీ పట్టుకుని అంగడి బయటికి వచ్చింది. ఆటోలు, బస్సులు, పళ్ల బండ్ల అరుపులు. శ్రీశైలమ్మకు ఫోను చేసింది. తక్కువ ధరదానికి, తిరునాళ్లలో తప్పిపోయినట్లుండావే అని జవాబు వచ్చింది. రెండోదానికి, "ఆటో హారన్ కొంచెం వస్తాంది. నువ్వు బాగనే వస్తాండావు," అంది. హులిగెమ్మ అక్కడికక్కడే తల ఊపి, పది అడుగులు గంతులేసినట్లు నడిచి చూసింది. కొక్కెం కదల్లేదు. జ్యోత్స్న ఆమె ఫోన్లో ఏదో మార్చి రెండు పక్కల శబ్దం ఒక్క పక్కకే కలిపి వచ్చేట్లు చేసింది. ఇంత కన్నా ఎక్కువ పెరగకుండా శబ్దానికి హద్దు కూడా పెట్టింది. ముందటి పాటే మళ్లీ పెట్టింది. తబలాతో పాటు ఆడగొంతు కూడా కుడి చెవిలోకే వచ్చింది.

ఎడమది డబ్బాలోనే ఉంచుకోవచ్చు కదా, చార్జింగన్నా మిగుల్తాది అని అర్చన అంది. కమ్మలు ఒక్క చెవికే పెట్టుకుని ఎవరన్నా తిరుగుతారా అని హులిగెమ్మ రెండూ పెట్టుకుంది.

రెక్క నొప్పి వారానికి తగ్గింది. చేతులు ఊపుకుంటూ నడవడం వచ్చాక చుట్లు కూడా పెరిగాయి. మధ్యాహ్నం హులిగెమ్మ కోడలి మిషను పక్కన కూర్చుని గుండీలు కుడుతూ కోలాటం పాటలు వింటోంది, అరగంటకోసారి తీసి పక్కన పెడుతోంది. పొద్దుటి మాటలు మాత్రం అన్నీ మిల్లువే. ఎవరెవరు ఎక్కడున్నారో ఇద్దరూ వరస మిషన్ల లెక్కన గుర్తు తెచ్చుకున్నారు. ఇద్దరు పోయారు. ఒకామె బెంగళూరులో కూతురి దగ్గర ఉంది. మూడో మిషను ఉచ్చీరమ్మ పెద్దకడుబూరు పక్క పల్లెలో ఉందని తెలిసి, ఆమె మేనల్లుడొకడు మహేంద్ర బండి పెట్టే ఆటో స్టాండులోనే ఉండటంతో నంబరు దొరికింది. ముగ్గురినీ ఒకే ఫోనులో కలపడం అర్చన నేర్పింది.

కార్తీకంలో ఒక రోజు హులిగెమ్మ నడక ఆలస్యమై ఎనిమిది దాటింది. ఉచ్చీరమ్మ అప్పటికే చేన్లో ఉంది, చెట్ల నుంచి పత్తి విడిపిస్తోంది. నువ్వు కూడా నడువు, చక్కెర తగ్గుతాదని హులిగెమ్మ అంటే ఆమె ఒప్పుకోలేదు.

"నాకు డాక్టరు సెప్పల్లా? చేనుకు పోయేది మూడు మైళ్లు, వచ్చేది మూడు మైళ్లు. మీరు యాడికీ పోకుండా నడుస్తాండారు, నేను పనికి పోయేదానికి నడుస్తాండాను," అంది.

శ్రీశైలమ్మ ఏదో అనబోయింది. ఉండక్కా అని హులిగెమ్మ ఆపింది. ఉచ్చీరమ్మ వెనక, సాళ్లలో ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. ఒకరు అనడం, మిగిలినవాళ్లు అందుకోవడం. పెళ్లికి ముందు తుగ్గలి పక్క చేలల్లో హులిగెమ్మ పాడిన వరసే, పదాలు కొంచెం వేరు. గాలికి పాట వచ్చి పోతోంది. పక్కనే గ్రౌండులో పిల్లల క్రికెట్ అరుపులు కూడా వినపడుతున్నాయి. ఆమె బాట మీద నిలబడిపోయింది. ఉచ్చీరమ్మకు చెప్పకుండానే అర్థమైనట్లుంది. ఫోను పాడేవాళ్ల పక్కకు చాచి పట్టుకుందేమో, పాట దగ్గరికి వచ్చింది.

ఎమ్మిగనూరులో కూడా అడుగుల చప్పుడు ఆగిపోయింది. పాట రెండో చరణంలోకి సాగింది.